ఒక్క నిజం... ఒక్క చోటే!

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో ఎదురయ్యే సబ్జెక్టు అది. గట్టెక్కడం తేలిక. వంటబట్టడమే కష్టం. డేటాబేస్ చదువంటే నాలుగు కమాండ్లు బట్టీ పట్టడమేనా? కాదు... లోకంలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా, పొరపాటుకు తావివ్వకుండా రాసిపెట్టుకునే విద్య!

చెప్పులు గుమ్మం బయట విప్పేసి ల్యాబ్‌లోకి అడుగుపెడితే వరసగా కంప్యూటర్లు. తెర మీద యూజర్ నేమ్ అడిగితే 'స్కాట్' అనీ, పాస్‌వర్డ్ అడిగితే 'టైగర్' అనీ కొట్టాలి. తలుపు తెరుచుకుంటుంది. 'సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ ఈఎంపీ' అని కొట్టి ఎంటర్ నొక్కగానే పద్నాలుగు మంది ఉద్యోగులు బారులు తీరి నిలబడతారు. ఐదు వేల జీతం తీసుకునే ప్రెసిడెంటు కింగ్, ఎనిమిది వందలతో సరిపెట్టుకునే గుమాస్తా స్మిత్... తెలుగునాట కంప్యూటర్ చదివిన చాలామందికి వీళ్లు బంధువుల్లాంటివాళ్లు. కాలేజీ ల్యాబుల్లోనే కాదు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనూ వీళ్లతోనే ఓనమాలు.

ఇంతకీ ఎవరీ స్కాట్? ఒరాకిల్ సంస్థలో తొలినాళ్లలో పనిచేసిన బ్రూస్ స్కాట్ అనే ఇంజినీరు. 'టైగర్' వాళ్లింటి పిల్లి! నమూనా కోసం సృష్టించిన ఆ చిన్న టేబుళ్లతోనే ప్రపంచవ్యాప్తంగా లక్షలాది మంది డేటాబేస్ నేర్చుకున్నారు.

సరే, సెమిస్టర్ చివర్లో వైవా. ఎక్స్‌టర్నల్ అడుగుతారు: 'నార్మలైజేషన్ అంటే ఏంటమ్మా?' విద్యార్థిని గడగడా చెప్పేస్తుంది. ఫస్ట్ నార్మల్ ఫామ్, సెకండ్, థర్డ్, బాయిస్-కాడ్... నిర్వచనాల్లో ఒక్క అక్షరం పొల్లుపోదు. 'బాగుంది. మరి మీ హాస్టల్ మెస్ లెక్కలకు ఏయే టేబుళ్లు వేస్తావు?' అంటారాయన.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం ఒక్క అమ్మాయిది కాదు. ఏటా ఎన్నో కాలేజీల్లో ఎన్నో వైవాల్లో వినిపించేదే. కారణం... పుస్తకంలో టేబుళ్లు తయారుగా వడ్డించి ఉంటాయి. వాటిని అడగడం నేర్పుతారు. టేబుల్‌ని పుట్టించడం మాత్రం ఎవరికి వాళ్లు పట్టుకోవాల్సిందే.

పైలట్ చూపిన దారి

ఈ చదువుకు మూలపురుషుడు ఎడ్గర్ ఎఫ్ కాడ్. 1923లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన పైలట్. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి, అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరాడు. 1970 జూన్‌లో ఆయన పదకొండు పేజీల వ్యాసం ఒకటి ప్రచురించాడు. కంప్యూటర్ లోకం నడక మారడానికి ఆ పదకొండు పేజీలూ చాలాయి.

అంతకుముందు కంప్యూటర్‌లో సమాచారం చెట్టు కొమ్మల్లానో, సాలెగూడు పోగుల్లానో అల్లుకుని ఉండేది. కావాల్సింది దొరకాలంటే ప్రోగ్రామ్ రాసేవాడికి దారంతా తెలియాలి. ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు, అక్కణ్నుంచి ఇంకో రెమ్మకు... ఎవరైనా అమరిక మార్చారా, పాత ప్రోగ్రాములన్నీ తిరగరాసుకోవాల్సిందే. కాడ్ అన్నది ఒకటే: సమాచారాన్ని మామూలు పట్టికల్లో పెట్టండి. ఏం కావాలో మాత్రమే అడగండి. ఎలా వెతకాలన్నది యంత్రం చూసుకుంటుంది.

చిత్రమేమిటంటే సొంత సంస్థే ఆయన మాటను వెంటనే అందుకోలేదు. అప్పటికే ఐబీఎంకు ఐఎంఎస్ అనే పాత తరహా డేటాబేస్ ఉంది. అపోలో చంద్రయాత్రల విడిభాగాల లెక్కల కోసం మొదలై, వ్యాపారంలో బాగా నిలదొక్కుకున్న సరుకది. దాని పొట్టకొట్టే కొత్త ఆలోచన ఎవరికి రుచిస్తుంది? అయినా ఐబీఎం పరిశోధకులు డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఆ పట్టికలను ప్రశ్నించే భాష ఒకటి తయారుచేశారు. పేరు 'సీక్వెల్'. ఆ పేరు అప్పటికే వేరే కంపెనీ ట్రేడ్‌మార్కు కావడంతో 'ఎస్‌క్యూఎల్'గా కుదించుకున్నారు. ఇప్పటికీ చాలామంది 'సీక్వెల్' అనే పలుకుతారు. ఇంతలో బయట ల్యారీ ఎలిసన్ మిత్రబృందం ఈ వ్యాసాలన్నీ చదివి 1979లో ఒరాకిల్‌ను మార్కెట్లోకి తెచ్చేసింది. తొలి సరుకుకే 'వెర్షన్ 2' అని పేరు పెట్టారు... వెర్షన్ 1 అంటే ఎవరూ కొనరని! ఐబీఎం డీబీ2 వచ్చేసరికి 1983. కాడ్‌కు మాత్రం 1981లోనే ట్యూరింగ్ అవార్డు దక్కింది. 2003లో కన్నుమూశాడు.

ఇక్కడ ఓ చిన్న అపోహ. 'రిలేషనల్' అంటే టేబుళ్ల మధ్య సంబంధాలు ఉండటం వల్ల వచ్చిన పేరని చాలామంది విద్యార్థులు వైవాలో చెబుతారు. కాదు. లెక్కల్లో సమితుల దగ్గర వినిపించే 'సంబంధం' అది. ఒక్కో టేబులే ఒక సంబంధం. సమితిలో ఒకే మూలకం రెండుసార్లు ఉండదు, ముందూ వెనకా అనే క్రమమూ ఉండదు. టేబుల్లో వరసలకు తమంతట తామే ఓ క్రమం ఉండకపోవడం, కావాలంటే 'ఆర్డర్ బై' అని ప్రత్యేకంగా అడగాల్సి రావడం అందుకే. ఇది తెలిస్తే సగం సిలబస్ బట్టీ పట్టక్కర్లేదు.

లైబ్రరీ రిజిస్టర్ చెప్పే పాఠం

నిర్వచనాలు పక్కన పెట్టి ఓ రిజిస్టర్ తెరుద్దాం. కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే పొడుగాటి పుస్తకం. తేదీ, విద్యార్థి పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు, పుస్తకం పేరు, రచయిత, తిరిగి ఇచ్చిన తేదీ... అన్నీ ఒకే వరసలో. చూడ్డానికి బాగానే ఉంది. దీన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి ఎక్కిస్తే?

ఓ విద్యార్థి ఆరుసార్లు పుస్తకాలు తీసుకున్నాడు. ఫోన్ నంబరు ఆరుసార్లు పడింది. మధ్యలో నంబరు మార్చాడు. ఒక వరసలో దిద్దారు, ఐదు వరసల్లో పాతదే. ఇప్పుడు అతని నంబరు ఏది? రెండూ! కంప్యూటర్‌కు రెండూ నిజాలే.

కొత్త పుస్తకం కొన్నారు. ఇంకా ఎవరూ తీసుకోలేదు. దాన్ని ఎక్కడ రాయాలి? చోటు లేదు. ఎవరో ఒకరు తీసుకుంటేగానీ ఆ పుస్తకం ఉన్నట్టే లెక్క కాదు.

చదువైపోయి వెళ్లినవాళ్ల వరసలు తీసేశారు. అందులో ఒకరు మాత్రమే చదివిన పుస్తకం ఒకటుంది. వరసతో పాటు ఆ పుస్తకం ఆనవాలే పోయింది.

పాఠ్యపుస్తకాల్లో 'అప్‌డేట్ అనామలీ, ఇన్సర్షన్ అనామలీ, డిలీషన్ అనామలీ' అని కనిపించేవి ఇవే. మందు కూడా ఒకటే. విద్యార్థి గురించి చెప్పేవి విద్యార్థుల టేబుల్లో, పుస్తకం గురించి చెప్పేవి పుస్తకాల టేబుల్లో, 'ఎవరు-ఏది-ఎప్పుడు' అన్నది ఇచ్చిపుచ్చుకోళ్ల టేబుల్లో. ఒక నిజం ఒక చోటే ఉండాలి. నార్మల్ ఫాముల సారమంతా చాలావరకు ఈ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. వరసను గుర్తుపట్టే గుర్తు ప్రైమరీ కీ. ఆ గుర్తునే ఇంకో టేబుల్లో రాసుకుంటే అది ఫారిన్ కీ. లేని విద్యార్థి పేరిట పుస్తకం ఇచ్చినట్టు రాయబోతే 'కుదరదు' అని ఆపేది ఆ ఫారిన్ కీయే.

అక్కడితో అయిపోయిందా? అసలు డిజైన్ అక్కడే మొదలవుతుంది. డేటాబేస్ విద్యార్థులు చదివే ప్రసిద్ధ పాఠ్యపుస్తకాన్నే తీసుకోండి. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్... ముగ్గురు రచయితలు. మూడోవారు ఐఐటీ బాంబే ఆచార్యులు. మరి 'రచయిత' అన్న ఒక్క గడిలో ముగ్గుర్నీ ఎలా ఇరికించాలి? కామాలు పెట్టి రాస్తే సుదర్శన్ పుస్తకాలన్నీ చూపించమన్నప్పుడు తంటా. రచయిత1, రచయిత2, రచయిత3 అని మూడు గడులు గీస్తే నలుగురు రాసిన పుస్తకం రేపే వస్తుంది. ఏ పుస్తకానికి ఏ రచయిత అన్న జతలకు విడిగా ఓ టేబుల్ వేయడమే దారి.

ఇంకో చిక్కు. అదే పుస్తకం లైబ్రరీలో ఐదు ప్రతులు ఉన్నాయి. విద్యార్థి పట్టుకెళ్లింది 'పుస్తకాన్నా', 'ప్రతినా'? రెండూ ఒకటి కావు. పేరు, రచయిత పుస్తకానివి. చిరిగిన అట్ట, పోయిన పేజీలు, బీరువా నంబరు ప్రతివి. ఈ తేడా ఏ సూత్రమూ చెప్పదు. లైబ్రేరియన్ని అడిగితేనే తెలుస్తుంది. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఈఆర్ డయాగ్రమ్ ఉన్నదే అందుకు. డబ్బాలు, డైమండ్ గుర్తులు గీసి మార్కులు కొట్టేయడానికి కాదు. పని తెలిసినవాళ్ల ముందు బొమ్మ పెట్టి 'ఇలాగేనా అండీ?' అని అడగడానికి.

మరో మెలిక కూడా ఉంది. ఆలస్యానికి జరిమానా రోజుకు రూపాయి. వచ్చే ఏడాది రెండు రూపాయలు చేశారనుకోండి. నిరుడు కట్టినవాళ్ల లెక్క ఏమవ్వాలి? 'ఒక్క చోటే రాయాలి కదా' అని రేటు మాత్రమే ఉంచి, కట్టిన మొత్తం రాసుకోకపోతే పాత రసీదులన్నీ రెట్టింపై కూర్చుంటాయి. ఇవాళ్టి రేటు ఒక నిజం. ఆ రోజు కట్టిన డబ్బు ఇంకో నిజం. చూడ్డానికి ఒకేలా ఉన్నా రెండూ రాసుకోవాల్సినవే. ఇది పట్టుబడిన విద్యార్థికి డిజైన్ పట్టుబడినట్టే.

పేరులోనే ఉంది పేచీ

పుస్తకాలు ఎక్కువగా అమెరికావి. వాటిల్లో మనిషంటే ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. మన దగ్గర? ఇంటిపేరు ముందొస్తుంది. కొందరికి అది ఒక్క పొడి అక్షరం. కొందరికి అసలు రాసే అలవాటే లేదు. ఫారంలో లాస్ట్ నేమ్ తప్పనిసరి అంటే తండ్రి పేరు రాసేవాళ్లు కొందరు, తమ పేరునే రెండు ముక్కలు చేసేవాళ్లు కొందరు. ఇక ఇంగ్లిషు స్పెల్లింగులు! 'లక్ష్మి' అన్న పేరు ఒకచోట 'కే ఎస్ హెచ్'తో ఉంటుంది, ఇంకోచోట 'ఎక్స్'తో. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్‌లో మరోలా.

రెండు జాబితాలను పేరుతో కలపాలని చూసే ఏ వ్యవస్థ అయినా ఇక్కడ బోల్తా పడుతుంది. ఫీజు రీఇంబర్స్‌మెంట్ ఆగిపోయిందని మండుటెండలో మీ-సేవ కేంద్రానికీ, బ్యాంకుకూ, కాలేజీకీ మధ్య తిరిగే పిల్లాడికి తెలియదు... తన పేరులో తప్పు లేదని, పేరునే గుర్తుగా పెట్టుకున్న పద్ధతిలో తప్పుందని. ఇంట్లో పనులు మానుకుని వెంట వచ్చిన తండ్రికి అసలే తెలియదు. ఎక్కడో కూర్చుని ఎవరో గీసిన టేబుల్లో ఒక గడి తప్పుగా ఉంటే ఇక్కడ ఓ కుటుంబానికి కూలి డబ్బులు పోతాయి.

పేరు చూపించడానికి, పిలవడానికి. కలపడానికి కాదు. ఫోన్ నంబరూ అంతే... మారుతుంది, ఇంట్లో నలుగురికీ ఒకటే ఉంటుంది. మారనిది, ఇద్దరికి ఒకటి కానిది, ఖాళీగా ఉండనిది. కీ అంటే అదీ. ఈ మూడు షరతులూ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. బయట ఒకరి చదువు ఆగడానికీ, సాగడానికీ మధ్య ఉన్న తేడా.

ఖాళీ వేరు... సున్నా వేరు

స్కాట్ టేబుళ్లలో దాగిన పాఠాలు చాలామంది కంట పడవు. పద్నాలుగు మందిలో కమీషన్ గడి నిండింది నలుగురికే. వాళ్లలో టర్నర్‌కు కమీషన్ సున్నా. స్మిత్‌కు ఖాళీ, అంటే 'నల్'. జీతం, కమీషన్ కలిపి చూపించమంటే టర్నర్ లెక్క సరిగ్గా వస్తుంది. స్మిత్ సహా పది మంది జీతాలు మాయం! తెలియనిదాన్ని తెలిసినదానికి కలిపితే తెలియనిదే వస్తుంది మరి. 'కమీషన్ రాలేదు' అన్నది ఒక మాట, 'కమీషన్ అన్న మాటే లేదు' అన్నది ఇంకో మాట. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడూ, పరీక్షకే రానివాడూ ఒకటి కానట్టు.

ఇంకోటి. డిపార్ట్‌మెంట్ల టేబుల్లో నాలుగున్నాయి. నలభయ్యో నంబరు, బోస్టన్‌లోని ఆపరేషన్స్. అందులో ఒక్కరూ లేరు. రెండు టేబుళ్లనూ మామూలుగా జాయిన్ చేస్తే ఆ డిపార్ట్‌మెంటు తెర మీదికే రాదు. అవుటర్ జాయిన్ వేస్తేనే వస్తుంది. 'ఒక్క పుస్తకమూ తీసుకోని విద్యార్థులు ఎవరు?', 'ఈ నెల పింఛను అందనివాళ్లు ఎవరు?' లాంటి ప్రశ్నలన్నీ ఆ నలభయ్యో నంబరు బాపతే. ఉన్నవాళ్లను లెక్కపెట్టడం తేలిక. లేనివాళ్లు కనబడాలంటే అడగడం తెలియాలి.

కట్టడమే కాదు... కాపాడాలి

డిజైన్ సగం. నిర్వహణ మిగతా సగం. సిలబస్‌లో అది చివరి యూనిట్లలో ఉంటుంది కాబట్టి సెలవుల ముందు హడావుడిగా ముగిసిపోతుంది. నిజానికి ల్యాబ్‌లో పావుగంటలో కళ్లారా చూపించొచ్చు. పక్కపక్క కంప్యూటర్లలో ఇద్దరిని కూర్చోబెట్టి ఒకే టేబుల్ తెరిపించాలి. మొదటివాడు స్మిత్ జీతం మారుస్తాడు. కమిట్ చేయడు. రెండోవాడు చూస్తే ఇంకా పాత జీతమే. అదే వరసను తానూ మార్చబోతే తెర బిగుసుకుపోతుంది. మొదటివాడు కమిట్ అనేదాకా ఎదురుచూడాల్సిందే. రైల్లో చివరి బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకుండా, ఒక ఖాతాలో డబ్బు తగ్గి ఇంకో ఖాతాలో చేరకుండా మధ్యలో వేలాడకుండా చూసే సూత్రం ఇదే. ఈ ట్రాన్సాక్షన్ల మీద చేసిన కృషికే జిమ్ గ్రే 1998లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు.

'డిలీట్' రాసి 'వేర్' రాయడం మరిచిపోతే? టేబుల్ మొత్తం ఊడ్చుకుపోతుంది. కమిట్ కాకముందైతే 'రోల్‌బ్యాక్' అనే వరం ఉంది. ఆటోకమిట్ పెట్టుకుని ఉంటే అదీ లేదు. ఇక మిగిలేది బ్యాకప్ ఒక్కటే. దాన్నీ తీయగానే సరిపోదు, తిరిగి ఎక్కించి చూసుకోవాలి. ఎక్కని బ్యాకప్ పనిచేయని టార్చిలైటు లాంటిది. కరెంటు పోయినప్పుడే బయటపడుతుంది.

యంత్రం రాసిపెడితే?

'ఇప్పుడు ఏఐని అడిగితే ఎస్‌క్యూఎల్ అదే రాసిస్తోంది కదా, ఇదంతా ఎందుకు' అంటారు కుర్రాళ్లు. రాసిస్తుంది, నిజమే. మన లైబ్రరీలో ఒక విద్యార్థి మూడు పుస్తకాలు తీసుకున్నాడు. రెండు జరిమానా రసీదులున్నాయి. ఒకటి పది రూపాయలు, ఇంకోటి ఇరవై. విద్యార్థికి పుస్తకాలనూ రసీదులనూ ఒకే క్వెరీలో జాయిన్ చేసి మొత్తం కూడితే మూడు రెళ్లు ఆరు వరసలొస్తాయి. ముప్ఫై రూపాయలు తొంభై అవుతుంది! తెర మీద ఎర్ర గీత పడదు, తప్పని ఎవరూ చెప్పరు. తొంభై అని అందంగా అచ్చయి వస్తుంది. అది తప్పని పట్టుకోవాలంటే ఏ టేబుల్లో ఒక్కో వరస దేన్ని చెబుతోందో మనిషికి తెలిసి ఉండాలి.

నేర్చుకోవడానికి ఖర్చూ లేదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ ఉచితంగా దొరుకుతాయి. కొరతల్లా అసలు సమస్యలకే. ఏళ్ల తరబడి సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే 'స్టూడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్' ప్రాజెక్టును పక్కన పెట్టి, పిల్లల్ని వాళ్ల ఊరి పాలకేంద్రానికి పంపితే? పొద్దున పాలు, సాయంత్రం పాలు. లీటర్లు, వెన్న శాతం. శాతాన్ని బట్టి రేటు, ఆ రేటూ మారుతుంటుంది. రైతు రాకపోతే కొడుకు పోసి వెళతాడు, లెక్క తండ్రి పేరునే. అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు బిల్లులో కోత. ఓ నోటుపుస్తకం, నాలుగు పూటలు చాలు. నార్మల్ ఫాములన్నీ ఆ కేంద్రం అరుగు మీదే అర్థమైపోతాయి.

మళ్లీ వైవా గదికి వద్దాం. ఎక్స్‌టర్నల్ అదే ప్రశ్న అడిగారు. 'హాస్టల్ మెస్ లెక్కలకు ఏయే టేబుళ్లు వేస్తావు?' ఈసారి ఎదురుగా ఉన్న అమ్మాయి పాలకేంద్రం అరుగు మీద నాలుగు పూటలు కూర్చుని వచ్చింది. కాసేపు ఆలోచించింది. కాగితం అందుకోలేదు, నిర్వచనం అప్పజెప్పలేదు.

'సార్, మెస్‌లో గెస్టులు కూడా తింటారా? వాళ్ల బిల్లు ఎవరి పేరున పడుతుంది?' అని అడిగింది.

ఎక్స్‌టర్నల్ పెన్ను తీసి మార్కులు వేసేశారు.